మావయ్యగారికి మాట వినపడాలి: మా హాల్లో హోమ్ థియేటర్ ఇలా పెట్టుకున్నాం

నమస్తే అండి, అందరూ బాగున్నారా? డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి ఇవాళ్టి వ్లాగ్. పోయిన వీడియోలో నా వెనకాల కొత్త స్పీకర్లు చూసి, ఏం కొన్నారు, ఎంతయింది, మేం కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడిగారు. ఈ విషయం నాకు చాలా ఇష్టం. అందుకే ఇవాళ వంట పక్కన పెట్టి మొత్తం దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు మా వైపు ఇళ్ల సంగతి చెప్పాలి. న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లు బేస్‌మెంట్‌లో థియేటర్ పెట్టుకుంటారు. ఇక్కడ బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. ఈ నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందుకని బిల్డర్లు మేడ మీద మీడియా రూమ్ అని ఒకటి ఇచ్చి, గోడల్లో స్పీకర్ వైర్లు కూడా ముందే లాగి పెడతారు. ఇల్లు కొన్న ప్రతివాళ్లూ డబ్బంతా ఆ గదిలోనే పెడతారు. కింద హాల్లో మాత్రం ఫైర్‌ప్లేస్ పైన ఒక టీవీ తగిలించి, దాని సొంత స్పీకర్లతోనే సరిపెట్టుకుంటారు.

మావయ్యగారు, అత్తయ్యగారు తెనాలి నుంచి వస్తే ఆరు నెలలు ఉంటారు. మోకాళ్ల నొప్పులతో ఆయన మెట్లెక్కరు. రోజూ టీవీ చూసేది కింద హాల్లోనే. ఒకరోజు నన్ను పిలిచి అన్నారు, "సౌండ్ వస్తోందమ్మా, మాట రావట్లేదు." నిజంగా అదే జరుగుతోంది. ఇద్దరు మాట్లాడుకునే సీన్ వస్తే ఆయన వాల్యూమ్ పెంచుతారు. వెంటనే ఫైట్ వస్తుంది, ఇల్లు అదిరిపోతుంది, కంగారుగా రిమోట్ వెతుక్కుంటారు. ఆ తర్వాత మళ్లీ మాటలు, మళ్లీ పెంచడం. పాపం, ఆయన తన చెవులదే తప్పనుకున్నారు. వయసుతో పాటు చెవికి ముందు తగ్గేది పై శ్రుతులే, అది నిజమే. స, ష, చ, ట లాంటి హల్లులు తెలిసేది ఆ శ్రుతుల్లోనే. కానీ పక్కన కూర్చున్న నాకూ సగం మాటలు అర్థం కాలేదండీ. నావి కుర్ర చెవులే కదా!

టీవీలు పల్చబడేకొద్దీ స్పీకర్లకి చోటు లేకుండా పోయింది. చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకి తగిలి, నేలకి తగిలి మన దగ్గరికి వస్తుంది. మా హాలు సీలింగ్ రెండంతస్తుల ఎత్తు, కింద టైల్స్, ఒకవైపంతా అద్దాల కిటికీలు. చప్పట్లు కొడితే గది తిరిగి పలుకుతుంది. అలాంటి గదిలో మాట చెదిరిపోక ఏమవుతుంది?

సినిమా సౌండ్ 5.1లో, అంటే ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ (బేస్ పలికే పెద్ద పెట్టె), మిక్స్ చేసినప్పుడు మాటల్లో ఎక్కువ భాగం మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌కే వెళ్తుంది. ఎడమా కుడీ స్పీకర్లకి సంగీతం, వెనకవాటికి చుట్టుపక్కల చప్పుళ్లు, అదురు సబ్‌వూఫర్‌కి. అందుకే నేను చెప్పే క్రమం ఒక్కటే: ముందు సెంటర్, దానికి జోడైన ఎడమ కుడి, తర్వాత సబ్‌వూఫర్. మిగతావన్నీ ఆ తర్వాతే. దీన్నే 3.1 అంటారు. వెనక స్పీకర్లు లేకపోయినా సినిమా చూడొచ్చు, మాట లేకపోతే చూడలేం. నేను అనుకున్న బడ్జెట్ 1,500 డాలర్లు. అందులో సగం పైన ముందు మూడు స్పీకర్లకే పెట్టాను.

సౌండ్‌బార్ చాలదా అని మీరు అడుగుతారని తెలుసు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే, వచ్చే ఏడాది ఊరు మారాల్సి వస్తుందేమో అనుకుంటే, సౌండ్‌బార్ కొనుక్కోండి, తప్పేం లేదు. మధ్యలో విడిగా సెంటర్ డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఉన్నది చూసుకోండి. సొంతిల్లయితే నేను విడి స్పీకర్లే కొనమంటాను. రిసీవర్లు (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లకి పవర్‌తో పంచే పెట్టెలు) ఐదారేళ్లకి పాతబడతాయి, మంచి స్పీకర్లు ఇరవై ఏళ్లు పాడతాయి. ఏ భాగం కావాలంటే ఆ భాగమే మార్చుకోవచ్చు.

షాపుకి వెళ్లినప్పుడు వాళ్లు వేసే డెమో వినకండి. అందులో హెలికాప్టర్లు, పేలుళ్లే ఉంటాయి. మీ ఫోన్‌లో ఒక తెలుగు సినిమాలో మాటల సీన్ పెట్టుకెళ్లి వేయించండి, వీలైతే ముసలివాళ్ల గొంతు ఉన్నది. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. ఒకటి కాస్త గట్టిగా మోగితే చాలు, అదే బాగుందని మన చెవి చెప్పేస్తుంది.

సెంటర్ స్పీకర్ ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. మామూలుగా దొరికేవి అడ్డంగా పడుకోబెట్టిన డబ్బాలు. మధ్యలో పై శ్రుతులు పలికే చిన్న ట్వీటర్, రెండు పక్కలా కింది శ్రుతులు పలికే రెండు వూఫర్లు. ఎదురుగా కూర్చుంటే బాగానే ఉంటుంది. సోఫా చివర కూర్చుంటే ఆ రెండు వూఫర్ల శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సరిగ్గా మాట ఉండే శ్రుతుల్లోనే గొంతు సన్నబడుతుంది. మావయ్యగారి చోటు సోఫా చివరే, లైటు పక్కన. అందుకని నేను మూడు విభాగాల సెంటర్ తీసుకున్నాను. అందులో ట్వీటర్ కిందే మధ్య శ్రుతుల డ్రైవర్ నిలువుగా ఉంటుంది. కెఫ్ కంపెనీ స్పీకర్లలోలాగా వూఫర్ నడిబొడ్డున ట్వీటర్ ఉన్నవి కూడా ఈ పని బాగా చేస్తాయి. ఇంకోటి, మూడు స్పీకర్లూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్ అయితే మనిషి తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడినా గొంతు మారదు.

ఇప్పుడు దగ్గరగా చూపిస్తాను, చూడండి. టీవీని ఫైర్‌ప్లేస్ మీది నుంచి దించేశాం. మావారు కాసేపు ఒప్పుకోలేదు గానీ, అంత ఎత్తులో మెడా నొప్పే, కింద మంట వేస్తే వేడీను. ఇప్పుడు పక్క గోడకి స్టాండ్ మీద ఉంది. సెంటర్ స్పీకర్ దాని కింది అరలో. అరలో లోపలికి తోసేస్తే మాట ముందు ఆ చెక్కకే తగిలి బొంగురుగా వస్తుంది. అందుకే స్పీకర్ మూతిని అర అంచుకి సమానంగా ముందుకి లాగాను. అర మోకాలెత్తులో ఉంది, చెవులు సోఫాలో మీటరు ఎత్తులో ఉంటాయి. ముందు అంచు కింద ఈ రెండు రబ్బరు ముక్కలు పెట్టి మూతి పైకి లేపాను. ట్వీటర్ నేరుగా ఆయన ముఖం వైపు చూస్తోంది కదా? ఈ ముక్కల ఖర్చు రెండు మూడు డాలర్లు. ముందూ తర్వాతా అదే సీన్ వేసి వినిపించాను. "ఇప్పుడు అక్షరం అక్షరం తెలుస్తోంది" అన్నారు మావయ్యగారు.

గది పని కూడా కొంచెం చేశాం. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి రగ్గు, అద్దాలకి బరువైన కర్టెన్లు. కొత్త ఆంప్లిఫయర్ కొన్నా ఇంత తేడా వచ్చేది కాదు.

వైర్ విషయంలో ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైర్ లావు. హాల్లో ఇరవై అడుగుల లోపు దూరానికి 16 గేజ్ సరిపోతుంది, ఇంకా దూరమైతే 14 తీసుకోండి. గోడ లోపల లాగాలంటే సీఎల్2 అని రాసి ఉన్నదే వాడాలి, అది అగ్నిప్రమాదం ముప్పు తగ్గించడానికి పెట్టిన నియమం. చవగ్గా దొరికే వాటిలో అల్యూమినియానికి రాగి పూత పూసినవి ఉంటాయి. కొన చాకుతో గీకి చూడండి. ఇదిగో, ఇది లోపల కూడా ఎర్రగానే ఉంది, అసలు రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం.

రిసీవర్ దగ్గరికి వద్దాం. పెట్టె మీద వాట్లు చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 80 వాట్లకీ 100 వాట్లకీ తేడా ఒక్క డెసిబెల్, చెవికి దాదాపు తెలియదు. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల పవర్. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ వస్తాయి. మామూలుగా మనుషులు మాట్లాడుకునేది 60 దగ్గర. కాబట్టి వాట్ల బదులు మంచి మైక్ కాలిబ్రేషన్ (మైక్‌తో విని గదికి తగ్గట్టు సౌండ్ సరిచేసుకోవడం) ఉందా, ఈఆర్క్ (టీవీ సౌండ్ రిసీవర్‌కి తెచ్చే ఆర్క్ అనే హెచ్‌డీఎంఐ దారిలో కొత్త రకం) ఉందా చూడండి. డెనన్, యమహా, ఆంక్యో, ఏది తీసుకున్నా పోయినేడాది మోడల్ అయితే చాలు. థాంక్స్‌గివింగ్ సేల్ దాకా ఆగగలిగితే ఇంకా మంచిది.

టీవీ వెనకాల ఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి రిసీవర్‌కి ఒక కేబుల్. నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్స్‌లో వచ్చే ఆట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ పద్ధతి) మామూలు ఆర్క్‌లో కూడా వెళ్తుంది. బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ అనే నాణ్యత తగ్గించని సౌండ్ టీవీ మీదుగా వెళ్లాలంటే మాత్రం ఈఆర్క్ కావాలి. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది సీఈసీ సెట్టింగ్. శామ్‌సంగ్ టీవీల్లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్జీలో సింప్‌లింక్ అనీ ఉంటుంది. అది ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే రిసీవర్ ఆన్ అవుతుంది, వాల్యూమ్ మారుతుంది. పెద్దవాళ్ల చేతిలో మూడు రిమోట్లు పెడితే ఎంత మంచి సిస్టమ్ అయినా వాళ్లు వాడరు. మాటా పెదవులూ కలవకపోతే ఆడియో డిలే అనే సెట్టింగ్‌లో సరిచేసుకోవచ్చు.

కాలిబ్రేషన్ రోజు ఇంట్లో అందరినీ కాసేపు బయటికి పంపేశాను. ఏసీ ఆపాను, ఫ్యాన్లు ఆపాను. మైక్‌ని సోఫా మీద కాకుండా ట్రైపాడ్ మీద, సరిగ్గా మావయ్యగారి చెవి ఎత్తులో పెట్టాను. ఒక్కో స్పీకర్ నుంచి కూత లాంటి శబ్దం వస్తుంది, ఆ తర్వాత మైక్ ఇంకో చోటికి జరపాలి. అయిపోయాక సెట్టింగ్స్ మీరే చూడాలి. రిసీవర్ స్పీకర్లకి "లార్జ్" అని పెడితే "స్మాల్"కి మార్చి, క్రాసోవర్ (ఏ శ్రుతి కింద సబ్‌వూఫర్‌కి వదలాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. ఆ కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టలేదు కాబట్టి అది సబ్‌వూఫర్‌కి వదిలేయొచ్చు, చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది. చివరగా సెంటర్‌ని 2 డెసిబెల్స్ పెంచాను. రాత్రిళ్లు డైనమిక్ రేంజ్ (గట్టి శబ్దాలకీ మెల్లటి శబ్దాలకీ మధ్య తేడా) తగ్గించే మోడ్ పెడతాం, అప్పుడు ఫైట్లు అదరవు, మాటలు పైకొస్తాయి.

సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి, దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంట పాక్కుంటూ వినండి. ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడ పెట్టేయండి. గోడ నుంచి గోడకి 14 అడుగులుంటే 40 హెర్ట్జ్ దగ్గర ఒక చోట మోత, ఇంకో చోట ఏమీ వినపడకపోవడం మామూలే. మేడ మీదైతే చెక్క నేల కాబట్టి అదురు కిందికి దిగుతుంది. కింద కాంక్రీట్ నేల, ఆ బాధ లేదు.

ఆట్మాస్ ఎందుకు పెట్టలేదంటే, సౌండ్‌ని సీలింగ్‌కి కొట్టి కిందికి తెప్పించే ఆట్మాస్ స్పీకర్లకి సీలింగ్ చదునుగా ఉండాలి, ఎత్తు 14 అడుగులు దాటకూడదని డాల్బీ వాళ్లే చెబుతారు. మా హాలుకి అది కుదరదు. మేడ మీద మీడియా రూమ్‌లో సీలింగ్ తక్కువే, పిల్లలు అడిగినప్పుడు అక్కడ చూద్దాం.

మావయ్యగారికి సినిమాల కంటే పాత పాటలు ప్రాణం. ఘంటసాలగారి పాటలు ఎక్కువగా మోనో (ఎడమ కుడి తేడా లేని) రికార్డింగులే. అలాంటి పాట వేసేటప్పుడు రిసీవర్‌ని స్టీరియో మోడ్‌లో పెట్టండి. ఎడమ కుడి స్పీకర్లు సరిగ్గా ఉంటే గొంతు రెండింటి మధ్యన గాల్లో నిలబడుతుంది. ఒక పక్కకి లాగితే ఆ స్పీకర్ మీకు దగ్గరగా ఉండొచ్చు. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పరుచుకుని, బేస్ పల్చగా ఉంటే ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడ్డాయి. ఏ యాప్ లేకుండా ఇది చక్కటి పరీక్ష.

పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత ఇప్పుడు ఖాళీగా ఉంది. అవి తెనాలికి వెళ్తున్నాయి, మావయ్యగారి పెట్టెలో చీరల మధ్య. ఈ స్పీకర్లకి కరెంట్ ప్లగ్ ఉండదు కాబట్టి ఏ దేశంలోనైనా పనిచేస్తాయి. ఇక్కడి రిసీవర్ మాత్రం తీసుకెళ్లకండి. వెనకాల 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే, మన 230 వోల్ట్స్ ప్లగ్‌లో నేరుగా పెట్టిన వెంటనే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ అది బరువు, పెద్దవాళ్లకి టెన్షన్. ఆంప్లిఫయర్ విజయవాడలో కొందాం అనుకున్నాం, అక్కడి వోల్టేజీది, బ్లూటూత్ ఉన్నది. ఆ హాల్లో నున్నటి టైల్స్, సిమెంట్ గోడలు, కాబట్టి స్పీకర్ల కంటే ముందు ఒక జంపఖానా, కర్టెన్లు కొనమని అత్తయ్యగారికి చెప్పాను. రంగు ఆవిడే ఎంచుకుంటారట. బిగించేది మా మరిదిగారు, ఆ రోజు వీడియో కాల్‌లో నేనూ ఉంటాను. ప్లస్ మైనస్ చూసుకోవడానికి వైర్ల మీద ఎర్ర టేపు ఇప్పుడే చుట్టేస్తున్నాను.