పొద్దుగాల బండి మీద చలి ఆపాలంటే: స్వెటర్ లోపల, రెయిన్‌కోటు పైన

నమస్తే. డిసెంబరు, జనవరి నెలల్లో ఇంకా చీకటి ఉండగనే బండి తీసే వాళ్ల కోసం ఈ వీడియో. పాల క్యాన్లు కట్టుకొని నల్లగొండకు వచ్చే వాళ్లు, కూరగాయల మూటతో మహబూబ్‌నగర్ రైతుబజారుకు పోయే వాళ్లు, జడ్చర్ల వైపు కంపెనీల్లో పొద్దటి షిఫ్టు ఉన్న వాళ్లు... ఇగం అంటే ఏందో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. స్వెటర్ వేస్తారు, మఫ్లర్ చుడతారు, చెవుల మీదికి టోపీ లాగుతారు. అయినా పది కిలోమీటర్లు దాటేసరికి చేతులు కొంకర్లు పోతాయి. బ్రేకు మీద వేలు ఉందో లేదో తెలియదు. చాలామందికి బట్టలు సరిపోనే ఉంటాయి, వేసుకునే వరుసే తప్పుతుంది.

ముందు ఒక లెక్క చూద్దాం. మన దిక్కు చలి ముదిరిన రోజుల్లో పొద్దుగాల 10, 12 డిగ్రీలకు దిగుతుంది. వాకిట్లో నిలబడితే అది ఓర్చుకునే చలే. అదే 10 డిగ్రీల్లో బండి 60 మీద పోతుంటే మొహానికి తగిలే చలి 5 డిగ్రీలంత ఉంటుంది. ఒంటి వేడికి చర్మం చుట్టూ పల్చగా ఒక వెచ్చటి గాలి పొర ఉంటుంది. ఎదురుగాలి దాన్ని నిలవనీయదు, ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. సరే, మెల్లగా పోదామంటారా? 40కి తగ్గించినా ఆ 5 కాస్తా 6 అవుతుంది, అంతే. మంచు కమ్మినప్పుడు వేగం తగ్గించాల్సిందే, రోడ్డు కనబడాలి కాబట్టి. చలి సంగతికొస్తే మాత్రం గాలిని ఒంటి దాకా రానీయకపోవడం ఒక్కటే మందు.

ఇప్పుడు ఇది దగ్గరగా చూడండి. మామూలు ఉన్ని స్వెటర్. ఇటు మూతికి ఆనించి ఊదుతున్నా, అటు పక్క అరచేతిలో చిన్న పత్తి పింజ ఉంది. ఉఫ్... ఎగిరిపోయింది. ఇప్పుడు రెయిన్‌కోటు గుడ్డ. మళ్లీ ఊదుతున్నా. పింజ కదల్లేదు. స్వెటర్ అల్లికలో నిలిచిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. స్వెటర్‌ను అన్నిటికన్నా పైన వేసుకొని 60 మీద పోతే ఆ నిలిచిన గాలి నిలవనే నిలవదు. అందుకని స్వెటర్ లోపల, దాని మీద గాలి దూరని గుడ్డ. విండ్‌చీటర్ ఉంటే మంచిదే, లేకపోతే వానాకాలం అటక మీద పెట్టిన రెయిన్‌కోటు దించండి, అదే పని చేస్తుంది. కోటు ఒక సైజు పెద్దదే ఉండాలి. ఒంటికి పట్టేస్తే లోపల స్వెటర్ నలిగి గాలికి చోటు ఉండదు.

అన్నిటికన్నా లోపల ఏముండాలి? నూలు బనియన్ వేసుకొని క్యాన్లు ఎత్తి కట్టారనుకోండి, చెమటకు తడుస్తుంది. నూలు ఆ తడిని పట్టుకొని కూర్చుంటుంది, బండి కదిలినాక వీపు మీద ఐసు పెట్టినట్టు ఉంటుంది. ఆటల వాళ్లు వేసుకునే పాలిస్టర్ టీషర్టు తొందరగా ఆరుతుంది, అది మేలు. ఏదీ లేదంటే ఒక పని చేయండి. మూటలు, క్యాన్లు కట్టడం అంతా అయినాకనే స్వెటర్, కోటు తొడుక్కోండి.

ఛాతీకి పేపరు పెట్టడం పెద్దలు చేసేదే, దాన్ని తక్కువ చేయొద్దు. దినపత్రిక 4 షీట్లు తీసుకొని సగానికి మడిచి, గొంతు కింది నుంచి బొడ్డు దాకా వచ్చేట్టు, స్వెటర్‌కూ కోటుకూ నడుమ పెట్టండి. కోటు జిప్పు పళ్ల సందుల్లోంచి దూరే గాలి అక్కడ ఆగిపోతుంది. ఎండెక్కినాక తీసేయొచ్చు.

ఇక్కడ గొంగడి మాట చెప్పాలి. పాలమూరు, నారాయణపేట దిక్కు కురుమలు నేసే నల్లగొంగడి దక్కనీ గొర్రె ఉన్నిది. కాస్త తడిసినా వేడి వదలదు. కానీ నిండు గొంగడి కప్పుకొని బండి నడపొద్దు. కొస జారి వెనక చక్రంలో పడితే మనిషిని గుంజి పడేస్తుంది. ఇంట్లో పాతబడిన గొంగడి ఉంటే ఛాతీకి సరిపోయేంత ముక్క, మోకాళ్లకు రెండు ముక్కలు కత్తిరించుకొని కోటు లోపల పెట్టుకోండి. కొన్న థర్మల్ బట్టలకు ఏమాత్రం తీసిపోదు.

ఇగ సందులు. మెడ, మణికట్లు, నడుము, చీలమండలు. ఇంత మంచిగా తొడుక్కున్నా ఒక్క చేతి సందులోంచి గాలి లోపలికి కొడితే అది చంక దాకా పోతుంది. మెడకు మఫ్లర్ చుట్టి రెండు కొసలూ కోటు లోపలికి దోపి ఆ తర్వాతే జిప్పు పెట్టండి. బయట వేలాడే కొస చెయినులో పడొచ్చు. అంగి, స్వెటర్ రెండూ ప్యాంటులోకి దోపండి, ముందుకు వంగి కూర్చున్నప్పుడు నడుము బయటపడదు.

చేతులకు కొంచెం ఎక్కువసేపు తీసుకుంటా, ప్రమాదం అక్కడే ఉంది. ఒంటికి చలి పట్టగానే శరీరం గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడి కాపాడుకోవాలని చేతులకు, కాళ్లకు రక్తం పోవడం తగ్గిస్తుంది. అందుకే ఛాతీ చల్లబడ్డ మనిషికి ఎంత మందం గ్లౌజులు వేసినా వేళ్లు వెచ్చబడవు. ముందు ఛాతీ, తర్వాత చేతులు.

గ్లౌజు బిగుతుగా కొనొద్దు. వేలి కొసకూ గ్లౌజు కొసకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. బిగిస్తే రక్తం ఆడదు, లోపల గాలికి చోటూ ఉండదు. కఫ్ పొడుగు ఉన్నది తీసుకొని కోటు చెయ్యి మీదికి వచ్చేట్టు తొడగండి. గాలి ముందు నుంచి వస్తుంది కదా, కోటు చేతి నోరు మూసుకుపోతుంది. వాన పడేటప్పుడు మాత్రం ఇదే తిరగేయాలి, లేకపోతే చేతి మీది నీళ్లన్నీ గ్లౌజులోకి దిగుతాయి. ఉన్ని గ్లౌజులే ఉంటే వాటి లోపల మెడికల్ షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లౌజు వేసుకోండి. అరగంట ప్రయాణానికి బాగా పని చేస్తుంది. అంతకు మించితే లోపల చెమట పట్టి చెయ్యి నాని మళ్లీ చల్లబడుతుంది. ఏ గ్లౌజు అయినా ఇంటి దగ్గరే తొడిగి క్లచ్, బ్రేకు, ఇండికేటర్, హారన్ నొక్కి చూడండి. ఉన్ని గ్లౌజు ఎక్స్‌లేటర్ మీద జారుతుంది, అరచేతి వైపు తోలు గానీ రబ్బరు చుక్కలు గానీ ఉన్నదే కొనండి.

హ్యాండిల్‌కు పాలిథీన్ సంచి తొడిగి కట్టడం చాలా బండ్ల మీద కనిపిస్తుంది. ఉపాయం మంచిదే, కట్టే తీరులో ముప్పుంది. ఇదిగో, ఈ సంచి వదులుగా ఉంది. బండి కదిలితే గాలి దీన్ని వెనక్కి నొక్కుతుంది, సంచి బ్రేకు లీవర్‌ను నొక్కుతుంది. బ్రేకు రాసుకుంటూ ఉంటుంది, వెనక లైటు వెలిగే ఉంటుంది, మీరు నిజంగా బ్రేకు వేసినప్పుడు వెనక వచ్చే లారీ వాడికి తెలియదు. ఎక్స్‌లేటర్ వైపు సంచి గ్రిప్పుకు చుట్టుకుంటే ఇంకా ఘోరం, రేజ్ తిరిగి రాదు. కట్టినాక బండి స్టాండు మీద పెట్టి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్ ఎడమ కొస నుంచి కుడి కొస దాకా తిప్పండి. ఇంజన్ శబ్దం పెరగొద్దు. రేజ్ ఇచ్చి వదిలితే టక్కున వెనక్కి రావాలి. గట్టి ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ అయితే ఈ బాధ లేదు, అది లీవర్‌కు తగలకుండా బిగిస్తే చాలు.

హీటెడ్ గ్రిప్స్ వేయించొచ్చా అని అడిగే వాళ్లు ఉంటారు. అవి 30, 40 వాట్లు తీసుకుంటాయి, అంటే 12 వోల్టుల బండి మీద సుమారు 3 ఆంపియర్లు. 100 సీసీ బండ్లలో ఉండేది 3, 4 ఏహెచ్ బ్యాటరీ, అంటే 3, 4 ఆంపియర్లు గంటసేపు ఇచ్చేంత. ఇంజన్ ఆపి స్విచ్ మరిచిపోతే గంట, గంటన్నరలో ఖాళీ. చిన్న బండికి వద్దనే మా మాట. పెద్ద బండికైతే తాళం చెవితో ఆగే కనెక్షన్ ఇప్పించి, ఫ్యూజు తప్పకుండా పెట్టించండి.

వేళ్లు మొద్దుబారాయో లేదో తెలుసుకునేందుకు ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని చిటికెన వేలికి తాకించండి. తాకట్లేదంటే ఆ చేతితో బ్రేకు సరిగ్గా పట్టలేరు. అప్పుడే బండి పక్కకు ఆపి చేతులు చంకల్లో పెట్టుకోండి, లేదా భుజం నుంచి చెయ్యి మొత్తం గుండ్రంగా 20, 30 సార్లు తిప్పండి, రక్తం వేళ్ల కొసలకు దిగుతుంది. సైలెన్సర్ మీద, ఇంజన్ మీద చేతులు కాచుకోవద్దు. మొద్దుబారిన తోలుకు కాలిన సంగతి తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది.

హెల్మెట్ కింద మందపాటి మంకీ టోపీ పెడితే హెల్మెట్ పైకి లేచి కూర్చుంటుంది, పట్టీ సరిగ్గా బిగియదు. పల్చటి ముసుగు, అదే బలాక్లావా, తీసుకోండి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ ఉంటే అదే సగం చలి ఆపుతుంది. అయితే దానితో వచ్చే చిక్కు అద్దం మసకబారడం. ఊపిరిలోని వెచ్చటి తేమ చల్లటి అద్దానికి తగిలి చుక్కలు చుక్కలుగా పట్టుకుంటుంది. మొహానికి దస్తీ కట్టుకుంటే ఊపిరంతా పైకి ఎగదన్ని మసక ఇంకా పెరుగుతుంది, కళ్లజోడు వాళ్లకు మరీ కష్టం. దస్తీ బదులు ముక్కు మీద తీగ ఉన్న మాస్కు వేసి, తీగను ముక్కుకు అద్దినట్టు నొక్కండి. తర్వాత అద్దానికి ఇది చేయండి: గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క, అద్దం లోపలి వైపు వేలితో అంతటా రుద్దాలి. రెండు నిమిషాలు ఆరనిచ్చి మెత్తటి నూలు గుడ్డతో తుడవండి, నీళ్లతో కడగొద్దు. ఆ సబ్బు పొర మీద తేమ చుక్క కట్టదు, పల్చగా పరుచుకుంటుంది కాబట్టి అవతల కనిపిస్తుంది. రెండు చుక్కలు వేశారో గీతలు గీతలుగా ఉండి ఎదుటి లైట్లు చీలి కనిపిస్తాయి. రోజు మార్చి రోజు మళ్లీ రుద్దుకోవాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దం ఒక వేలు మందం ఎత్తి పెట్టండి. చీకట్లో నల్ల అద్దం అసలే వద్దు.

కాళ్లకు రెయిన్‌కోటు ప్యాంటు మామూలు ప్యాంటు మీద వేస్తే మోకాళ్ల నొప్పులు చాలా వరకు తప్పుతాయి. జాలీ బూట్లయితే సాక్సు మీద పాలిథీన్ కవర్ తొడిగి బూటు వేయండి. రెండు సాక్సులతో బూటు బిగుసుకుంటే ఒకటే చాలు. చెప్పులతో మాత్రం పోవద్దు. గాలి కాళ్లకు కొట్టకుండా ఇంజన్ ముందు అట్టముక్క కట్టే వాళ్లూ ఉన్నారు, అది తీసేయండి, ఆ ఇంజన్ చల్లబడేదే గాలితో.

పిల్లల్ని ట్యాంకు మీద ముందు కూర్చోబెడితే గాలి దెబ్బంతా పసివాళ్లకే. మీకు అడ్డం వాళ్లయినట్టు అవుతుంది. నడుమ కూర్చోబెట్టండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్, బండి వేగం 40 దాటొద్దని 2023 ఫిబ్రవరి నుంచి రూలు కూడా ఉంది. వెనక పక్కకు కూర్చునే ఆడవాళ్లు శాలువా, చున్నీ కొసలు ఒళ్లోకి తీసుకొని తొడ కింద అదిమి పెట్టుకోవాలి.

బండి సంగతి రెండు ముక్కలు. టైర్లలో గాలి పొద్దుగాల బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 28 పట్టించిన టైరు, 12 డిగ్రీల పొద్దుట చూస్తే 25, 26 చూపిస్తుంది. పంక్చర్ కాదు, చలికి గాలి ముడుచుకుంటుంది. కార్బొరేటర్ బండికి చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజన్ నిలకడగా ఆడగానే చోక్ దించండి.

వీలుంటే బయలుదేరే టైము మార్చుకోండి. భూమి రాత్రంతా చల్లబడుతూ పోయి, సూర్యుడు పొడిచే వేళకు చలి అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. జనవరిలో మనకు పొద్దు పొడిచేది 6.45 ప్రాంతంలో. గంట ఆగి బయలుదేరితే చలీ తగ్గుతుంది, మంచూ పల్చబడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా, మిర్యాలగూడ దిక్కు మాగాణి పక్క నుంచి పోయే వాళ్లకు ఇది మరీ ముఖ్యం. నీళ్లున్న పల్లంలో తేమ ఎక్కువ, చల్లటి గాలి అక్కడికే దిగి కూర్చుంటుంది. గట్టు మీద మంచిగా కనబడిన రోడ్డు కాలువ దాటగానే మాయమవుతుంది. లైటు డిమ్‌లోనే ఉంచండి, బ్రైట్ వేస్తే మంచుకే తగిలి తెల్లటి గోడ లేస్తుంది. ఆ రోడ్ల మీదనే వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, పత్తి ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి.

దూరం పోతే అరగంట, ముప్పావు గంటకోసారి ఆగి వేడి చాయ్ తాగండి. బయలుదేరే ముందు కూడా కడుపులో ఏదో ఒకటి పడాలి, ఖాళీ కడుపు మనిషి తొందరగా వణుకుతాడు. చలికి మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది ఒట్టి మాట. తోలు కింది నరాల్లోకి రక్తం ఎక్కువ వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, ఒంటి లోపలి వేడి అట్లనే బయటికి పోతుంది. తాగి బండి నడపడమైతే మొదలే నేరం. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా ఇంక ముందుకు పోవద్దు, ఎవరి ఇంట్లోనైనా, హోటల్లోనైనా కూర్చొని ఒళ్లు వెచ్చబడినాకనే కదలండి.

ఇంటికి రాగానే గ్లౌజులు, బలాక్లావా తిరగేసి దండెం మీద ఆరేయండి. రెయిన్‌కోటు లోపలి వైపు కూడా చెమ్మగానే ఉంటుంది, మడత పెట్టకుండా తగిలించండి. పొయ్యి దగ్గర ఆరబెడితే రబ్బరు, రెగ్జిన్ పగులుతాయి. పొద్దుగూకే లోపల ఎండకు ఆరకపోతే, రాత్రి పేపరు ఉండలు చేసి గ్లౌజు వేళ్లలో కూరి పెట్టండి, తెల్లారేసరికి తడి పీల్చుకుంటాయి.