నల్లబడ్డ ప్లగ్గు లెక్క

శ్రోతలకు నమస్కారం. చలి ముదిరింది. హనుమకొండ చౌరస్తాలో ఎలక్ట్రికల్ దుకాణాల ముందు హీటర్ రాడ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇవాళ ఆ రాడ్డు గురించే మాట్లాడుకుందాం. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. భాగహారం వస్తే చాలు.

రాడ్డు మీద 1500 వాట్లు అని రాసి ఉందనుకుందాం. మన ఇళ్లకు వచ్చే వోల్టేజీ 230. పదిహేను వందలను 230తో భాగిస్తే సుమారు ఆరున్నర వస్తుంది. రాడ్డు లాగే కరెంటు అంత, ఆరున్నర ఆంపియర్లు. ఇప్పుడు 230ని ఆ ఆరున్నరతో భాగించండి. 35 వస్తుంది. రాడ్డు లోపలి తీగ నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, 35 ఓమ్‌లన్న మాట. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు, భాగిస్తే నిరోధం. మళ్లీ చెబుతున్నాను, గుణిస్తే పవరు, భాగిస్తే నిరోధం. ఈ భాగహారాన్ని జర్మనీలో లెక్కలు చెప్పుకునే పంతులు ఓమ్ 1827లో పుస్తకంగా అచ్చువేశాడు.

ఊళ్లలో బావుల మోటార్లన్నీ ఒక్కసారిగా నడిచే వేళ వోల్టేజీ 180కి పడిపోయిందనుకోండి. తీగ నిరోధం మారదు కాబట్టి కరెంటు కూడా ఐదు దగ్గరికి దిగుతుంది. రెండూ తగ్గినందువల్ల 1500 వాట్ల రాడ్డు 900 పైచిలుకు దగ్గరే ఆగిపోతుంది. పావుగంటలో కాగే బకెట్ నీళ్లకు అరగంట దాకా పట్టవచ్చు. పాపం, చాలామంది రాడ్డు పాడైందని దుకాణదారుతో తగవు పెట్టుకుంటారు! మోటారుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అది వోల్టేజీ తగ్గితే ఎక్కువ కరెంటు లాగి లోపల చుట్టిన తీగను (వైండింగ్‌ను) కాల్చుకుంటుంది. ఆ సంగతి మరో రోజు.

అసలు నేను చెప్పదలచుకున్నది ప్లగ్గు గురించి. గోడకున్న చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే తయారైంది. మన రాడ్డు ఆరున్నర లాగుతోంది. పైగా పాత సాకెట్టులో పిన్ను వదులై, ఆ అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. అర ఓమే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ పుట్టే వేడికి కరెంటును కరెంటుతోనే గుణించి, వచ్చినదాన్ని నిరోధంతో గుణించాలి. ఆరున్నర ఆరున్నరల నలభై రెండు. అందులో సగం 21. ఇరవై ఒక్క వాట్ల వేడి, వేలెడంత చోట! రేడియో మరమ్మతు చేసేవారి చేతిలో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడిని ప్లాస్టిక్ సాకెట్టులో పెట్టి మనం నిశ్చింతగా పళ్లు తోముకుంటున్నాం. ఇత్తడి పిన్ను నల్లబడటం, ప్లగ్గు అంచు గోధుమరంగు తిరగడం, కాలిన వాసన రావడం, అన్నీ ఆ ఇరవై ఒక్క వాట్ల పనే.

రేపు పొద్దున నీళ్లు కాగాక స్విచ్ ఆపండి. ప్లగ్గు తీసి, పిన్నులను తాకకుండా వెనకవైపు చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టులో మళ్లీ రాడ్డు పెట్టకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, లావు తీగ లాగించి, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు వేయించండి. నల్లబడ్డ ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడేవాళ్లున్నారు. దాన్ని కూడా మార్పించండి.