అడిగింది మా అక్కండీ!

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవడం మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, క్షమించాలి. ‘వెన్నునొప్పి, వ్యాయామం’ మీద మాట్లాడమన్నారు. వ్యాయామం గురించి మన వాకర్స్ క్లబ్బులో నాకన్నా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మా అక్క సంగతి చెబుతాను.

మా అక్క ఇక్కడే గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కుడి చెయ్యి చిటికెన వేలిదాకా లాగేది, పడుకుంటే మరీ ఎక్కువ. ఎమ్మారై తీయిస్తే మెడ దగ్గర నరం మీద గడ్డ కనపడింది. ష్వానోమా అన్నారు. నరం పొరలోంచి పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు. చాలామందిలో ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది, అంతే.

ఒక పెద్ద డాక్టరు గారు ఫిల్ము చూసి, ‘ఈ వారంలో తీయించకపోతే మంచాన పడుతుంది’ అన్నారు. ‘అయ్యా, కోశాక నా వేళ్ళు పనిచేస్తాయా?’ అంది అక్క. ఆయన నావైపు తిరిగి, ‘ముందు డబ్బు సంగతి చూసుకోండి మాస్టారూ’ అన్నారు. అడిగింది మా అక్కండీ! ఆ వేళ్ళు ఆవిడవి! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లెక్కల మాస్టార్ని కాబట్టి లెక్క చెబుతాను. మెడలో ఎముకలు 7, నరాల జతలు 8. ఆ ఎనిమిదో నరం వేళ్ళు ముడవడానికి. గడ్డ దాని మీదే. చాలాసార్లు నరాన్ని కాపాడి గడ్డ తీయగలరు. కుదరకపోతే ఆ పాయ కత్తిరించాలి. వీపు దగ్గరైతే పెద్దగా తెలియకపోవచ్చు. మెడ, నడుము దగ్గరైతే చేతికో కాలికో బలం తగ్గొచ్చు. ‘రిస్కు ఇంత శాతం’ అనగానే తల ఊపకండి. దేనికి శాతం? మత్తుకా, వెన్నులోని నీరు కారడానికా, చీము పట్టడానికా, వేళ్ళకా? విడగొట్టి చెప్పమనండి. ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి. కోప్పడితే లేచి వచ్చేయండి!

విజయవాడ సూర్యారావుపేటలో ఇంకో డాక్టరు అక్కతోనే మాట్లాడారు. నడిపించారు, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశారు, పిడికిలి బిగించమన్నారు. ‘ప్రస్తుతానికి వెన్నుపాము నలగడం లేదమ్మా, ఆరు నెలలకు మళ్ళీ ఎమ్మారై తీద్దాం. ఈలోగా నడకలో తూలినా, వేళ్ళ పట్టు తప్పినా, ఒంటేలు ఆగిపోయినా వెంటనే వచ్చేయండి’ అన్నారు.

ఈ రెండో మాట గట్టిగా వినండి. మాస్టారి అక్క చేయించుకోలేదట అని రేపు మీరెవరూ ఆపరేషన్ మానేయకండి బాబూ! వెన్నుపాము ఎక్కువ కాలం నలిగితే, తర్వాత గడ్డ తీసినా పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. అప్పుడు ఆగడమే పెద్ద రిస్కు. మా అక్కకూ రేపటి ఫిల్ములో గడ్డ పెరిగితే కోత తప్పకపోవచ్చు. ఆవిడకా సంగతి తెలుసు. తెలిసే పనికి వెళ్తోంది.

బెల్లు కొడుతున్నారు. ముందు వరసలో డాక్టరమ్మ గారున్నారు, ప్రశ్నలు ఆవిణ్ణి అడగండి. ఫిల్ములు మాత్రం నా దగ్గరికి తేకండి. వెలుతురుకెత్తి చూసి ‘అయ్యయ్యో’ అనడం తప్ప నాకేమీ రాదు.