మందులు పేషెంటుకి, మరి ఇంట్లోవాళ్లకి?

[దృశ్యం: విశాఖపట్నం చినవాల్తేరు, ప్రభుత్వ మానసిక వైద్యశాల దగ్గర ఉదయం. చేతిలో ఫైలు, టిఫిన్ క్యారేజీతో ఒక తల్లి.]

నమస్కారం. విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల ఓపీకి వచ్చే పేషెంటు పక్కన అమ్మో, భార్యో, అన్నయ్యో ఒకరు ఉంటారు. శ్రీకాకుళం వైపు నుంచి తెల్లారకుండానే బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. ఏ ఆసుపత్రిలోనైనా ఆ రద్దీలో మాటలన్నీ పేషెంటు గురించే. ‘మరి నువ్వు పడుకుంటున్నావా అమ్మా?’ అని తోడొచ్చిన మనిషిని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ ప్రశ్న అడిగే చోటే పేషెంట్ల ఇంట్లోవాళ్లని కలిపి కూర్చోబెట్టే గ్రూప్ కౌన్సెలింగ్.

[దృశ్యం: గుండ్రంగా వేసిన కుర్చీలు, ఎనిమిది పది మంది.]

సైకాలజిస్టో, సైకియాట్రిక్ సోషల్ వర్కరో నడిపిస్తారు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి షరతు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని సొంత చుట్టాల దగ్గర కూడా జబ్బు పేరెత్తని ఇళ్లు మనవి. ఆ షరతు లేకపోతే నోరు పెగలదు.

ఒకావిడ, ‘మాత్ర పొడి చేసి పప్పులో కలిపేస్తున్నానండీ’ అందనుకోండి. మేమూ అంతే అని ఇంకో ఇద్దరు ఒప్పుకుంటారు. ఎవరూ తిట్టరు. కానీ కొన్ని మాత్రలు నలిపి వేయకూడదని అక్కడే తెలుస్తుంది. అన్నంలో విషం కలుపుతున్నారని ముందే అనుమానించే అబ్బాయి కంట అది పడితే, ఇంట్లో ముద్ద ముట్టడు. అప్పుడు పక్కనున్న పెద్దాయన, ‘మావాడికి ఆ మందుతో చొంగ కారేది, పగలంతా మత్తు. అందుకే వద్దనేవాడు. డాక్టరుగారికి చెబితే సర్దారు’ అంటారు. నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయని ఇంకొకరు చెబుతారు. ఇంటికెళ్లాక ఆవిడ కొడుకుని, ‘ఈ మాత్రతో నీకేం ఇబ్బందిరా?’ అని అడుగుతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద మార్పు.

దీని వెనక పరిశోధన ఉంది. స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు పట్టడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు, తగ్గి ఇంటికొచ్చినవాళ్లని లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ బృందం గమనించి, 1972లో ఫలితాలు ప్రచురించింది. అస్తమానం తప్పులెంచే ఇళ్లలో, కాలు కదపనివ్వకుండా కాపలా కాసే ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. దయచేసి దీన్ని తప్పుగా తీసుకోకండి. జబ్బు మీ వల్ల రాలేదు. ‘నీ పెంపకం అలా ఏడిసింది’ అని తల్లిని అనేవాళ్లు ఊరంతా ఉన్నారు, అది అబద్ధం. నిద్రలేక అలిసిపోయిన మనిషి నోటినుంచి కసురు రాక ఏమొస్తుంది? ముందు ఆ అలసట తీరాలి.

[దృశ్యం: పాతకాలపు టెంట్ల బొమ్మ.]

మన దేశానికి ఇది కొత్త కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే టెంట్లు వేయించి, పేషెంట్లతోపాటు కుటుంబాలనీ ఉంచారు. అందరినీ కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పేవారు.

గ్రూప్‌లో కాగితాల సంగతులూ తెలుస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి ఎక్కడికెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో తిరిగొచ్చినవాళ్ల కంటే బాగా ఎవరు చెబుతారు?

ఒక్క మాట నాన్నలకి. ఈ కుర్చీల్లో ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లే. ఒక్కసారి మీరూ రండి. ఆ రోజు రాత్రి కాపలా సగం మీకు పంచితే ఆవిడ కాసేపు కునుకు తీస్తుంది.

[దృశ్యం: తెర మీద 14416.]

ఇది టెలి మానస్ నంబరు, మానసిక ఇబ్బందులకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంటే చేయాలని లేదు, చూసుకునేవాళ్లూ చేయొచ్చు. చనిపోతానని అంటుంటే మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు కుటుంబాలకి గ్రూప్ ఉందా అని అడగండి. లేదంటే, పక్క బెంచీలో ఉన్న రెండు మూడు కుటుంబాలని కలుపుకుని, మాకోసం పెట్టండని సోషల్ వర్కర్‌ని అడగండి.