అడ్వాన్సు ఇచ్చే ముందు బీరువా జరిపించండి

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ఇల్లు కొనాలన్న ఆలోచనతో వచ్చిన మీ అందరికీ నమస్కారం. గృహరుణాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం తప్పక చెబుతాను గానీ, కట్టడాల పనిలో జీవితం గడిపినవాడిని కనుక గోడల దగ్గర మొదలుపెట్టడానికి అనుమతించండి. తీర్చడానికి ఇరవై ఏళ్లు పట్టే అప్పు చేయబోతూ, గోడల మీద పది నిమిషాలైనా దృష్టి పెట్టనివారిని నేను ఎందరినో చూశాను.

అమ్మకానికున్న ఇంట్లో ఒక్క గోడకు మాత్రమే కొత్త రంగు కనిపిస్తే అక్కడ ఆగి, ఎందుకు వేయించారని అడగండి. నేలలోంచి పైకి పాకే చెమ్మ సాధారణంగా గోడ అడుగున, సుమారు ఒక మీటరు ఎత్తులోపే ఉంటుంది. పైకప్పు నుంచో గోడలోని పైపు నుంచో వచ్చే నీరు ఎక్కడైనా మరకగా తేలవచ్చు. రెండింటికీ మరమ్మతు వేరు, ఖర్చు వేరు. ప్లాస్టరు మీద వెంట్రుకవాసి గీతలకు చాలావరకు బెంగపడనక్కర్లేదు. ఇటుక వరుసల వెంబడి మెట్లుమెట్లుగా సాగిన పగులు కనిపిస్తే మాత్రం పునాది కుంగిందేమోనని ఇంజినీరుకు చూపించవలసిందే.

తెలిసిన దంపతులతో ఒకసారి ఇల్లు చూడడానికి వెళ్లాను. పడకగదిలో, కిటికీకి సగం అడ్డంగా ఒక పెద్ద బీరువా నిలబెట్టారు. వెలుతురుకు అడ్డంగా బీరువా ఎవరు పెట్టుకుంటారు? కొంచెం జరిపించమని అడిగితే, "అది చాలా బరువు సార్, ఇప్పుడెందుకు లెండి" అన్నారు యజమాని. నలుగురం కలిసి జరిపాము. వెనుక రంగు బుడగలుగా లేచి ఉంది, ప్లాస్టరు మీద తెల్లని ఉప్పు పొడిలా పట్టింది, వేలితో తాకితే రాలింది. గోడకు అవతల స్నానాలగది. "వానాకాలంలో అందరిళ్లలోనూ ఉండేదే కదండీ" అన్నారాయన. అప్పుడు నడుస్తున్నది నడివేసవి! ఆయన మీద నాకు కోపం లేదు; అమ్ముకునేవారు ఇంటిని అందంగానే చూపిస్తారు. నా ఫిర్యాదంతా, అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటంతో జీవితకాలపు సంపాదన ధారపోసే మన మీదనే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రుణం సంగతికి వస్తాను. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో అప్పు తీసుకుంటే, మొత్తం కట్టేది తీసుకున్నదానికి రెట్టింపు దాటుతుంది. మొదటి నెల వాయిదాలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతాయి. అందువల్ల తొలి ఏళ్లలో అదనంగా కట్టిన ప్రతి పైసా మిగిలిన అసలును తగ్గించి, దానిమీద రాబోయే వడ్డీని కూడా ఆపుతుంది. అయితే ముందుగా తీర్చినందుకు రుసుము ఉందేమో ఒప్పందంలో చదివి సంతకం పెట్టండి. బ్యాంకు ఎంత ఇస్తానన్నదాన్ని బట్టి కాక, ఇంటి ఖర్చులు పోగా మీకు ఎంత మిగులుతుందన్నదాన్ని బట్టి వాయిదా నిర్ణయించుకోండి. రిజిస్ట్రేషను, మరమ్మతులు, సామాను తరలింపు ఖర్చులు ఇంటి ధరలో కలిసి ఉండవు.

మళ్లీ ఇంటి దగ్గరికే వస్తున్నాను, మన్నించాలి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకండి. పగలు ప్రశాంతంగా ఉన్న వీధి రాత్రి ఎలా ఉంటుందో, వాన పడ్డాక నీరు ఎటు పోతుందో వెళ్లి చూడండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార తగ్గుతుందేమో గమనించండి. అమ్ముతున్నవారికి ఆ హక్కు ఉందా, ఇల్లు ఎక్కడైనా తాకట్టులో ఉందా అన్నది సొంత న్యాయవాది చేత పరిశీలింపజేయండి. అమ్మేవారు చూపించిన న్యాయవాది చాలడు.

ఇక "రేపటికల్లా వేరేవాళ్లు అడ్వాన్సు ఇస్తామంటున్నారు" అన్న మాట మీకు తప్పక వినిపిస్తుంది. అది నిజమే అయినా, పత్రాల్లో లోపం బయటపడితే, లేదా రుణం మంజూరు కాకపోతే, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకున్న తరువాతనే డబ్బు ఇవ్వండి. అలా రాయడానికి ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి మరో ఇల్లు చూసుకోండి. ఈ వారంలో ఇల్లు చూడబోతున్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి చేతులెత్తండి. ప్రశ్నలు ముందు మీ దగ్గరనుంచే తీసుకుంటాను.