ఏడాది ఖర్చులను నెలనెలా సర్దుకోవడం: ఇంటి పద్దు రాసే పద్ధతి

నమస్కారం. సాధారణ ఆదాయంతో నడిచే ఇంటికి ఏడాది మొత్తానికి పనికివచ్చే పద్దును ఎలా తయారు చేసుకోవాలో ఈ వీడియోలో కాగితం మీద రాసి చూపిస్తాను. దీనికి ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంట్లో దాచి ఉంచిన రసీదులు ఉంటే చాలు. నేను వేసే లెక్కలలో అంకెలు ఉదాహరణకు మాత్రమే కాబట్టి, వాటి స్థానంలో మీ ఇంటి అంకెలు వేసుకుంటూ వీడియోను మధ్యమధ్యలో ఆపి చూడండి.

పద్దు రాయడం ఎంతో ఉత్సాహంగా మొదలుపెట్టి, నాలుగైదు నెలలు తిరిగేసరికి పుస్తకాన్ని అటకెక్కించిన కుటుంబాలు చాలా ఉంటాయి. అది క్రమశిక్షణ లేకపోవడం వల్ల జరిగిందని అందరూ అనుకుంటారు గాని, నేను ఆ మాటతో ఏకీభవించను. చాలా ఇళ్లలో అద్దె, సరుకులు, కరెంటు, ప్రయాణం వంటి నెలవారీ ఖర్చులు ఆదాయానికి లోబడే ఉంటాయి. పద్దును తలకిందులు చేసేవి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద ఖర్చులు. బీమా ప్రీమియం, పిల్లల ఫీజు, ఇంటి పన్ను, వాహనం మరమ్మతు, దగ్గరివారింట్లో పెళ్లి వంటివి వచ్చిపడినప్పుడు హఠాత్తుగా వచ్చినట్టే అనిపిస్తుంది గాని, వాటిలో చాలావరకు ఎప్పుడు వస్తాయో, సుమారుగా ఎంత అవుతాయో మనకు ముందే తెలుసు. నెలవారీ పద్దులో వాటికి చోటు లేకపోవడం వల్ల ఆ నెలలో అప్పు చేస్తాం. ఆ అప్పు వాయిదాలు తరువాతి నెలల ఆదాయంలోంచి పోతాయి. పొదుపు మొదలుకాకముందే ఆగిపోతుంది. అందువల్ల మనం ముందుగా నెల ఖర్చులను కాకుండా ఏడాది ఖర్చులను రాసుకుందాం.

పుస్తకంలో ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు తెరిచి, ఎడమవైపు పేజీలో ఒకటి నుంచి పన్నెండు వరకు నెలలను వరుసగా రాయండి. ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటును మొదటి నెల నుంచి చదువుతూ, ప్రతి నెలా కనిపించే ఖర్చులను వదిలేసి, మిగిలినవాటిని ఆయా నెలల ఎదురుగా రాసుకుంటూ వెళ్లండి. నగదుగా ఇచ్చినవి స్టేట్‌మెంటులో కనిపించవు కాబట్టి రసీదులు వెతకాలి, ఇంట్లోవారిని అడగాలి. ఈ పనికి ఒక సాయంత్రం మొత్తం పట్టినా ఫరవాలేదు, ఎందుకంటే ఈ పాఠంలో మిగతాదంతా ఈ పేజీ మీదే ఆధారపడి ఉంది.

తెర మీద ఉన్న పేజీని చూడండి. ఈ కుటుంబానికి మూడో నెలలో బీమాకు 9,000, అయిదో నెలలో ఫీజులకు 24,000, తొమ్మిదో నెలలో మరమ్మతులకు 6,000, పదకొండో నెలలో పెళ్లి ప్రయాణానికి, కానుకలకు కలిపి 9,000 ఖర్చవుతుంది. మొత్తం 48,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 4,000 వస్తుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. నెలకు 4,000 పక్కన పెట్టండి, ఏ ఇబ్బందీ ఉండదు అని ఇక్కడితో ఆపేస్తారు. ఆ సలహా నమ్మి మొదలుపెట్టిన ఇంటికి అయిదో నెలలో ఏమవుతుందో ఇప్పుడు కుడివైపు పేజీలో వేసి చూద్దాం.

మూడు నెలలకు 12,000 జమ అవుతుంది. బీమాకు 9,000 పోగా 3,000 మిగులుతుంది. నాలుగో నెల ముగిసేసరికి 7,000, అయిదో నెలలో 11,000 చేతిలో ఉంటాయి. కట్టవలసిన ఫీజు 24,000. అంటే చెప్పినదంతా తు.చ. తప్పకుండా పాటించిన కుటుంబానికి కూడా 13,000 లోటు వస్తుంది. తప్పు ఆ కుటుంబానిది కాదు. పన్నెండుతో భాగించడం మొత్తాన్ని చెబుతుందే తప్ప, ఖర్చులు ఏ నెలలో గుమిగూడి ఉన్నాయో చెప్పదు. ఇలాంటి చోటే మనిషి తన మీద తాను నమ్మకం కోల్పోయి పుస్తకం మూసేస్తాడు. అందుకే ఈ లెక్కను ఇంత నెమ్మదిగా చూపిస్తున్నాను.

దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో, అయిదో నెల లోపల కావలసిన 33,000ను అయిదుతో భాగించి మొదటి అయిదు నెలలూ 6,600 చొప్పున పక్కన పెట్టాలి. ఆ తరువాత మిగిలిన 15,000 కోసం ఆరో నెల నుంచి పదకొండో నెల వరకు 2,500 చొప్పున పెడితే సరిపోతుంది. మొదటి నెలలు బిగువుగా ఉంటాయి, తరువాత ఊపిరి ఆడుతుంది. రెండో దారిలో, ఆ 13,000 లోటును ఒకే ఒక్కసారి ఎక్కడి నుంచైనా పూడ్చాలి. బోనసు, పాత బాకీ వసూలు, వాడని వస్తువు అమ్మగా వచ్చిన డబ్బు, ఏదైనా కావచ్చు. ఆ 13,000 మొదట్లోనే జమ అయి ఉంటే, అక్కడి నుంచి నెలకు సరిగ్గా 4,000 చొప్పున పెడుతూ పోవచ్చు. ఏడాది చివర మళ్లీ అదే 13,000 మిగిలి ఉంటుంది, ఖర్చులు పెరగనంతకాలం మరుసటి ఏడాదికీ అదే సరిపోతుంది. నా దృష్టిలో, అనుకోకుండా చేతికి వచ్చిన డబ్బుకు ఇంతకంటే మంచి వినియోగం లేదు.

మీ ఇంటి అంకె ఎంతో తెలుసుకోవడానికి కుడివైపు పేజీలో ప్రతి నెలా జమ, ఖర్చు, నిల్వ అని మూడు గడులు గీసి, నిల్వ సున్నాకు దిగువన ఎంత లోతుకు వెళ్లిందో చూడండి. అన్నిటికంటే లోతైన అంకె ఏదో అదే మీరు మొదట పూడ్చవలసిన మొత్తం.

ప్రతి నెలా ఒకే జీతం రాని ఇళ్లకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. కూలి పని, కమిషను, చిన్న వ్యాపారం, సేద్యం మీద బతికేవారికి నెలవారీ పద్దు పనికిరాదని అంటుంటారు గాని, నిజానికి పద్దు అవసరం వారికే ఎక్కువ. ఆరు నెలల ఆదాయం వరుసగా 31,000, 24,000, 38,000, 22,000, 35,000, 30,000 అనుకుందాం. సగటు 30,000. ఆ సగటునే ఖర్చు చేసిన ఇంటికి రెండో నెలలో 5,000, మళ్లీ నాలుగో నెలలో 5,000 లోటు పడుతుంది. ఆరు నెలల మొత్తం చూస్తే లోటు లేదు, అయినా రెండుసార్లు చేయి చాచవలసి వచ్చింది. అందువల్ల చేతిలో ముందుగా నిల్వ లేనివారు తప్పనిసరి ఖర్చులను సగటుకు కాకుండా అతి తక్కువ ఆదాయం వచ్చిన నెలకు, అంటే ఇక్కడ 22,000కు, వీలైనంత దగ్గరగా ఉంచుకోవాలి. ఎక్కువ వచ్చిన నెలల మిగులును వేరే ఖాతాలో వేసి, తక్కువ వచ్చిన నెలలో అందులోంచి తీసుకోవాలి. ఆ ఖాతాలో కొంత నిల్వ చేరిన తరువాత సగటుకు దగ్గరగా ఒక మొత్తాన్ని నిర్ణయించుకుని, ప్రతి నెలా అదే తేదీన మీకు మీరే జీతంగా ఇచ్చుకోవచ్చు.

ఇక ఏ ఖర్చుకు ఎంత శాతం కేటాయించాలి అన్న ప్రశ్న. ఆదాయంలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు అనే సూత్రాన్ని మీరు వినే ఉంటారు. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి దాన్ని నేను సిఫారసు చేయను. కుటుంబ ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని జర్మనీకి చెందిన గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించారు, ఆర్థికశాస్త్రంలో అది ఆయన పేరుతోనే సూత్రంగా నిలిచిపోయింది. తిండికి, అద్దెకే ఆదాయంలో 70 శాతం పోతున్న ఇల్లు దుబారా చేస్తున్నట్టు కాదు. ఆ ఇంటివారు పక్కవారి శాతాలతో పోల్చుకుని కుంగిపోవలసిన పని లేదు. తమ కిందటి ఏడాది పద్దుతో పోల్చుకుంటే చాలు.

ఆ ఇంట్లో కూడా పొదుపు సాధ్యమే, కాకపోతే అది నెలాఖరులో మిగిలినదానితో జరగదు. డబ్బు చేతికి వచ్చిన రోజునే, ఖర్చులకు ముందే, పొదుపు ఖాతాకు దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవాలి. మొత్తం చిన్నదైనా సరే, 2 శాతంతో మొదలుపెట్టి జీతం పెరిగిన ప్రతిసారీ పొదుపు వాటాను పెంచుతూ పోవచ్చు. ఈ విధానాన్ని రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక సంస్థ ఉద్యోగుల మీద ప్రయత్నించినప్పుడు, ఈ పథకంలో చేరినవారి పొదుపు 40 నెలల్లో సగటున 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. ఈ రోజు జీతంలో కోత పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే గాని, రేపు పెరగబోయే జీతంలో కొంత వదులుకోవడానికి మనసు తేలికగా ఒప్పుకుంటుంది. ఆ ఫలితం వెనుక ఉన్నది ఈ స్వభావమే. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పొదుపు మొదలుపెట్టే ముందు అప్పుల పేజీ ఒకటి రాయాలి, ఇక్కడ కొంచెం ఆగుదాం. వడ్డీని చెప్పే తీరులోనే దాని బరువు మరుగున పడిపోతుంటుంది. నెలకు నూటికి రెండు అంటే చిన్నదిగా వినిపిస్తుంది గాని, అది ఏడాదికి 24 శాతం. వడ్డీ మీద వడ్డీ పడే చక్రవడ్డీ లెక్కలో డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుసుకోవాలంటే 72ను వార్షిక వడ్డీ శాతంతో భాగిస్తే సుమారుగా వస్తుంది. ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ 1494లో అచ్చయిన తన గ్రంథంలో ఈ సూత్రాన్ని ప్రస్తావించారు. దాని ప్రకారం 6 శాతం వడ్డీకి దాచిన డబ్బు రెట్టింపు కావడానికి 12 ఏళ్లు పడుతుంది, 24 శాతానికి తెచ్చిన అప్పు కట్టకుండా వదిలేస్తే మూడేళ్లకే రెట్టింపవుతుంది. ఒకపక్క ఆ అప్పు ఉంచుకుని మరోపక్క ఈ పొదుపు చేయడం వల్ల ఇంటికి నష్టమే.

ఇంకొక చోట కూడా జాగ్రత్త అవసరం. లక్ష అప్పు తీసుకుని, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీతో పన్నెండు వాయిదాల్లో తీర్చాలంటే, వడ్డీ 12,000 కలిపి నెలకు 9,333 చొప్పున కట్టాలి. మీరు ప్రతి నెలా అసలులో కొంత తీర్చేస్తున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం లక్ష మీదే లెక్కించినట్టు లెక్క. తగ్గుతున్న అసలు మీద వేసి చూస్తే ఈ అప్పుకు మీరు నిజంగా కడుతున్నది ఏడాదికి సుమారు 21.5 శాతం. కాబట్టి సంతకం చేసే ముందు వడ్డీ ఫ్లాట్‌గా వేశారా, తగ్గుతున్న అసలు మీద వేశారా అని తప్పక అడగండి. ప్రాసెసింగ్ రుసుము ఎంతో, ముందే తీర్చేస్తే జరిమానా ఉంటుందో లేదో కూడా అడిగి రాసుకోండి. అడగడానికి మొహమాటపడవద్దు, అది మీ కష్టార్జితం.

అప్పులు తీర్చే వరుస గురించి నా సలహా ఇది. ముందుగా ఒక నెల తప్పనిసరి ఖర్చులకు సరిపడా డబ్బును ఎప్పుడంటే అప్పుడు తీయగలిగే ఖాతాలో ఉంచండి, లేకపోతే చిన్న జబ్బు చేసినా మళ్లీ కొత్త అప్పు చేయవలసి వస్తుంది. తరువాత అన్ని అప్పులకూ కనీస వాయిదా కడుతూ, మిగులు మొత్తాన్ని ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మీదే పెట్టండి. అది తీరాక ఆ వాయిదా డబ్బును ఇంటి ఖర్చుల్లో కలవనివ్వకుండా రెండో అప్పుకు మళ్లించండి. ఎక్కువ వడ్డీ అప్పులన్నీ తీరిన తరువాత అత్యవసర నిల్వను మూడు నుంచి ఆరు నెలల ఖర్చుల దాకా పెంచుకోవచ్చు. ఆ నిల్వ మీద వడ్డీ తక్కువ వస్తోందని దిగులు పడవద్దు, కష్టసమయంలో వెంటనే చేతికి అందడమే దాని పని.

ఈ పుస్తకం ఇంట్లో ఒక్కరి చేతిలోనే ఉంటే నిలవదు. నెలకు ఒకసారి భార్యాభర్తలిద్దరూ కూర్చుని, లెక్కలు అర్థమయ్యే వయసు పిల్లలుంటే వారిని కూడా కూర్చోబెట్టుకుని, ఎడమ పేజీలో రాబోయే మూడు నెలలను చదవండి. ఎవరికి వారు లెక్క చెప్పనవసరం లేని కొద్దిపాటి డబ్బును ఇద్దరికీ సమానంగా కేటాయించుకోండి. అది లేని పద్దు సంజాయిషీల పుస్తకంగా మారిపోతుంది, సంజాయిషీ చెప్పుకోవలసివచ్చిన మనిషి ఖర్చులు దాచడం మొదలుపెడతాడు.

అన్నీ వేసి చూసిన తరువాత కూడా ఖర్చే ఆదాయాన్ని మించి ఉంటే, చిన్న చిన్న ఖర్చులను వేధించవద్దు. పద్దులో అన్నిటికంటే పెద్దవైన మూడు అంకెల చుట్టూ గీత గీయండి. సాధారణంగా అవి అద్దె, అప్పు వాయిదాలు, ప్రయాణం లేదా చదువు అయి ఉంటాయి. అద్దె ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, వాయిదాల కాలాన్ని పెంచి నెలవారీ మొత్తాన్ని తగ్గించడానికి అప్పు ఇచ్చినవారు ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే మొత్తం మీద ఎంత వడ్డీ అదనంగా పడుతుంది, ఫీజును రెండు మూడు విడతలుగా కట్టే వీలుందా అన్న ప్రశ్నలను ఆ అంకెల పక్కనే రాసి, ఒక్కొక్క దానికి ఎవరు, ఏ తేదీలోగా అడిగి రావాలో కూడా రాయండి. వాయిదా తప్పకముందే వెళ్లి మాట్లాడినవారికి దొరికే వెసులుబాటు, తప్పిన తరువాత అంత సులభంగా దొరకదు, కాబట్టి మొదటి తేదీని అప్పు వాయిదాకే వేయండి.