అద్దాలమ్మేవాడు చెప్పే లేజర్ మాట

శ్రోతలందరికీ నమస్కారం.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ముప్పై ఏళ్లుగా నాది కళ్లద్దాల షాపు. కంటి పవర్ చూడటం, అద్దాలు అమ్మడం నా బతుకుతెరువు. అలాంటి నన్ను, అద్దాలే అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్ గురించి మాట్లాడమన్నారు. కల్లు దుకాణం వాడి చేత మద్యనిషేధం మీద ఉపన్యాసం ఇప్పించినట్టు ఉంటుందండీ అన్నాను. ఫర్వాలేదన్నారు. కాబట్టి నా మాటలు కాస్త అనుమానంతోనే వినండి, నేనేమీ అనుకోను.

సిరిమానోత్సవం అయిన నాలుగో రోజున ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. వాళ్లది శ్రీకాకుళం. జాతరకని చుట్టాలింటికొచ్చి ఇంకా తిరిగి వెళ్లలేదు. పిల్లకి 22 ఏళ్లు. బీటెక్ అయిపోయింది.

"బాబూ, మాఘంలో ముహూర్తాలున్నాయి. సంబంధాలొస్తన్నాయి గానీ ఈ సోడాబుడ్లు చూసి వెనక్కి పోతన్నారు. అరసవల్లి సామికి కూడా మొక్కుకున్నాను. లేజర్ చేయించేస్తే పవర్ పోద్దంట, నిజవేనా?" అందావిడ.

పిల్ల నవ్వింది. "పెళ్లి కోసం కాదండీ. పొద్దున్న లేవగానే తలగడ కింద తడుముకోకుండా గడియారం కనబడాలి. నాకు అదొక్కటే కావాలి."

నాకు పిల్ల చెప్పిన కారణమే నచ్చింది. రేపు పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఇంకేదో వంక పెట్టొచ్చు. గడియారం కనబడటం మాత్రం బతికినన్నాళ్లూ ఆ పిల్ల సొంతం.

అసలు మైనస్ పవర్ అంటే ఏమిటి? చాలామందికి కన్ను ఉండాల్సిన దానికంటే కాస్త పొడవు పెరిగిపోతుంది. వెలుగు, కంటి వెనకనున్న రెటీనా అనే పొర మీద పడకుండా దానికి ముందే కలిసిపోతుంది. అందుకే దూరంగా ఉన్నవి మసక. కంటికి ముందు వైపు, చేతి గడియారానికి గాజుబిళ్లలాగా, పారదర్శకమైన పొర ఒకటుంటుంది. దాన్నే కార్నియా అంటాం. లేజర్ చేసే పనల్లా ఆ పొరను నడిమిన లెక్క ప్రకారం పలచన చేసి, దాని వంపు తగ్గించడం. అప్పుడు వెలుగు వెళ్లాల్సిన చోటికి వెళ్తుంది. కన్ను పొడవు మాత్రం అలాగే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఈ లేజర్ వెనక ఒక తమాషా కథ ఉంది. మద్రాసు యూనివర్సిటీలో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో అక్కడి పండగకి వాళ్లింట్లో టర్కీ కోడి వండుకున్నారు. మిగిలిన ముక్కను మర్నాడు ఆయన ల్యాబుకి పట్టుకెళ్లారు. ఎక్సైమర్ అనే రకం లేజర్ దాని మీద వేసి చూస్తే, చుట్టుపక్కల ఎక్కడా మాడకుండా, బ్లేడుతో కోసినంత శుభ్రంగా గాటు పడింది. ఆయనా, తోటి శాస్త్రవేత్తలు జేమ్స్ వైన్, శామ్యూల్ బ్లమ్ కలిసి కనిపెట్టిన ఆ సంగతే ఇవాళ కంటి ఆపరేషన్ దాకా వచ్చింది. మనింట్లో మిగిలిన కూరకి ఇంత యోగం ఎప్పుడూ పట్టలేదు.

ఇక అసలు లెక్క. కార్నియా మందం సగటున 540 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. మన పెట్టుబడి అదే. లాసిక్ పద్ధతిలో పైపొరను పుస్తకం అట్టలా పైకి లేపుతారు, దానికి సుమారు 110 మైక్రాన్లు పోతాయి. తర్వాత మైనస్ ఒకటికి ఇంచుమించు 15 మైక్రాన్ల చొప్పున లేజర్ అరగదీస్తుంది. మైనస్ ఐదున్న మనిషికి 75. 540లోంచి ఈ రెండూ తీసేస్తే 355 మిగులుతుంది. అడుగున కనీసం 250 మిగలాలి, 300 మిగిలితే డాక్టరుకి నిమ్మళం. ఇప్పుడు పుట్టుకతోనే 490 ఉన్న మనిషి మైనస్ తొమ్మిదితో వచ్చాడనుకోండి. 110, 135 తీసేస్తే 245. కుదరదు. ఎంత డబ్బున్నా, ఎవరు రికమెండ్ చేసినా కుదరదు. అలాంటి వాళ్లకి కంటిలోపల లెన్సు అమర్చే పద్ధతి వేరే ఉంది. ఆ ఖర్చూ వేరు, ఆ లెక్కా వేరు.

మందం ఒక్కటే చాలదు. టోపోగ్రఫీ అని ఒక పరీక్ష చేస్తారు. స్కూలు అట్లాసులో కొండలూ పల్లాలూ రంగుల్లో చూపించినట్టు కార్నియాకి మ్యాపు గీస్తుంది ఆ యంత్రం. కొందరికి కార్నియా ఒకచోట పలచబడి, లోపల్నుంచి తోసినట్టు ముందుకి పొడుచుకొస్తుంది. కెరటోకోనస్ అంటారు. అది మొదలైన కంటికి లేజర్ చేస్తే ఉన్న చూపూ పాడవుతుంది. పైకి చూస్తే ఏమీ తెలీదు, మ్యాపులోనే బయటపడుతుంది. కళ్లు దురదపెట్టి పిల్లలు అదేపనిగా నులుముకుంటుంటే ఊరుకోకండి, ఆ జబ్బుకీ నులుముకోవడానికీ చుట్టరికం ఉంది. ఈ పరీక్ష లేకుండా "రేపే చేసేద్దాం, ఈ నెలలో డిస్కౌంట్ ఉంది" అనే చోటు నుంచి మాత్రం లేచి వచ్చేయండి.

ఇప్పుడు మా ఇంటి గుట్టు. ఆరేళ్ల క్రితం మా అబ్బాయే చేయించుకున్నాడు. అద్దాల షాపు వాడి కొడుకు! విశాఖలో చేయించాం. మత్తుచుక్కలు వేశారు, సూది లేదు. ఒక్కో కంటికి లేజర్ తగిలింది సెకన్ల లెక్కే. వెంట్రుక కాలిన వాసనొచ్చింది నాన్నా అన్నాడు. మర్నాటికి బోర్డులు చదివేస్తున్నాడు. డాక్టరు సరేనన్నాక కళింగపట్నం బీచికెళ్లి మునిగి లేచి, ఫోన్ చేశాడు: "నీళ్లలోంచి చూస్తే దీపస్తంభం కనబడింది నాన్నా." వాడి గొంతులో ఆ సంతోషం విన్నాక, లేజర్ వద్దని ఎవరికీ గట్టిగా చెప్పలేకపోతున్నాను. అలాగని ఎనిమిది నెలలపాటు వాడు జేబులో కన్నీటి చుక్కల మందు పెట్టుకుని తిరిగిన సంగతి కూడా దాచను. కార్నియాలో సన్నటి నరాలు తెగుతాయి కాబట్టి కొన్నాళ్లు కళ్లు పొడిబారతాయి. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. ముందే కళ్లు పొడిగా ఉండేవాళ్లు ఈ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనబడటం మరో ఇబ్బంది. జాతీయ రహదారి మీద రాత్రిపూట లారీ నడిపే అతను అడిగితే, ఎదురొచ్చే హెడ్‌లైట్ల సంగతి ముందు డాక్టరుతో తేల్చుకో బాబూ అన్నాను. పగలు బ్యాంకులో కూర్చునే మనిషికి అది అంత పట్టింపు కాదు.

ఉద్యోగాల సంగతి మన ప్రాంతంలో తప్పకుండా చెప్పుకోవాలి. ఇంటికొకరు రైల్వేకో మిలట్రీకో చదువుతుంటారు గదా. బొబ్బిలి దగ్గరి కుర్రాడొకడు అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి తయారవుతూ వచ్చాడు. అద్దాలు లేకుండా 6/6, అంటే లోపం లేని దూరపు చూపు కావాలి, అందుకని లేజర్ చేయించేసుకుంటానన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. ఫోన్లో నోటిఫికేషన్ తీయించి వాడి చేతే చదివించాను. లాసిక్ గానీ, పవర్ తగ్గించే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకి అనర్హులని రాసి ఉంది. పాపం, ముఖం మాడిపోయింది. చేయించుకుంటే 6/6 వచ్చేది, ఉద్యోగం మాత్రం పోయేది. సైన్యంలో ఒక్కో ఎంట్రీకి ఒక్కో రూలు. కొన్నిట్లో అసలే తీసుకోరు. కొన్నిట్లో ఏ వయసులో చేయించుకున్నావు, ఎన్నాళ్లయింది, కార్నియా ఎంత మిగిలింది అని చూసి తీసుకుంటారు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. పరీక్ష చేసే డాక్టరుకి ఆ ఆనవాలు దొరుకుతుంది.

నలభై దాటినవాళ్లు అడిగితే నేను ఇంకో ప్రశ్న వేస్తాను. సాలూరు టీచరమ్మగారు, 44 ఏళ్లు, మైనస్ రెండున్నర. "లేజర్ చేయించుకుంటే ఇక అద్దాలే ఉండవు కదండీ?" అన్నారు. పేపరు దిద్దేటప్పుడు ఏం చేస్తున్నారమ్మా అనడిగాను. అద్దాలు తీసి పక్కన పెడతానన్నారు. అదీ సంగతి. వయసుతో వచ్చే చత్వారానికి కారణం కంటి లోపలి లెన్సు బిగుసుకుపోవడం. లేజర్ దాని జోలికి పోదు. మైనస్ ఉన్నవాళ్లకి అద్దాలు తీసేస్తే దగ్గరివి కనబడతాయి, దేవుడిచ్చిన సదుపాయం అది. నాకూ మైనస్ మూడు, పొద్దున్నే అద్దాలు నుదుటి మీదికి తోసి పేపరు చదువుతాను. లేజర్‌తో దూరపు చూపు తెచ్చుకుంటే ఆ సదుపాయం పోయి, చదువుకోవడానికి అద్దాలొస్తాయి. ఒక కంటిని దూరానికీ, ఇంకోదాన్ని దగ్గరకీ ఉంచే పద్ధతి ఉంది గానీ, అందరికీ అలవాటు కాదు. ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు అలా గడిపి చూడాలి.

కన్ను పొడవు అలాగే ఉంటుందన్నాను కదా. సాగిన కన్నులో రెటీనా పలచగా ఉంటుంది, చిరిగే ప్రమాదం లేజర్ తర్వాత కూడా అంతే ఉంటుంది. అద్దాలు పోయాయి, ఇక కంటి డాక్టరుతో పనేముంది అనుకోకండి. కళ్ల ముందు ఒక్కసారిగా మెరుపులూ నల్లచుక్కలూ కనబడితే ఆ రోజే పరిగెత్తాలి.

ఆపరేషన్ కాగితాలు కూడా దాచుకోవాలి. ముందటి పవర్ ఎంత, కార్నియా కొలతలు ఎంత, అన్నీ పొలం దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. అరవై దాటాక శుక్లాలొస్తే, ఏ నంబరు లెన్సు వేయాలో లెక్క కట్టడం లేజర్ అయిన కంటికి కష్టం. ఆ పాత కాగితాలు అప్పుడు పనికొస్తాయి. నీటికాసుల (గ్లకోమా) పరీక్షలో కంటి లోపలి ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ డాక్టరుకీ చెప్పాలి. ఖర్చు మాట కూడా అనేస్తాను: పవర్ ఏడున్నర కంటే తక్కువైతే మామూలు ఆరోగ్య బీమా దీనికి పైసా ఇవ్వదు.

ఇంతకీ శ్రీకాకుళం పిల్ల సంగతి. పాత చీటీ చూస్తే ఏడాది క్రితం నాలుగుంపావు. నేను చూస్తే ఐదు. పవర్ ఇంకా పెరుగుతోంది. ఏడాదిపాటు పవర్ ఒకచోట నిలబడాలి, అప్పుడే లేజర్. ఇప్పుడు చేయిస్తే కొన్నాళ్లకి మళ్లీ అద్దాలొస్తాయని చెప్పాను. తల్లి నమ్మలేదు. అద్దాలు అమ్ముకునేవాడు అలా కాక ఇంకెలా చెబుతాడు! విశాఖ తీసుకెళ్లింది. కాంటాక్ట్ లెన్సులుంటే రెండు వారాల ముందే ఆపేయాలి గానీ, ఆ పిల్లకి అవి లేవు కాబట్టి పరీక్షలన్నీ ఒక్కరోజులో అయ్యాయి. కంట్లో చుక్కలు వేస్తే సాయంత్రం దాకా అంతా మసకే, తోడెవరైనా ఉండాల్సిందే. మ్యాపు బాగుంది, మందం బాగుంది, ఒక ఏడాది ఆగి రమ్మన్నారట.

తిరిగి నా దగ్గరికే వచ్చారు. ఐదు పవర్‌కి పలచటి అద్దాలు, సన్నటి ఫ్రేము తీశాను. అద్దంలో చూసుకుని పిల్ల సరేనంది. వచ్చే దసరాకి ఇదే నంబరుంటే నేనే విశాఖ బస్సెక్కిస్తానమ్మా అని రిజిస్టర్లో తారీఖు వేశాను. వాళ్లమ్మ మాత్రం ఫ్రేము మీద రెండొందలు తగ్గించమని కుర్చీలోంచి లేవలేదు. తగ్గించాను.

సెలవు, నమస్కారం.